నిమ్మచెక్క

తేదీ చెప్పమంటాడు ఆఫీసరు.
ఎర్రదుమ్ము లేచిన దినం, అంటాను.
జహ్రాలో దుమ్ము లేవని దినం ఏదని
దుబాసీ నవ్వుతాడు.
నా మాట తెలుగులోంచి హిందీలోకి,
హిందీలోంచి అరబ్బీలోకి
రెండు బస్సులు మారి పోవాల.
దిగేసరికి మూటలో సగం ఉండదు.

"గుంజినాడు" అన్నా నేను.
"చెయ్యి పట్టుకున్నాడు" అని ఎక్కింది కాగితం మీద.
తిరిగి చదివిస్తే తెలిసింది.
అది కాదయ్యా, గుంజినాడు, అన్నా.
అదే గదా రాసింది, అన్నాడు.

మామా లూల్వాకు ఎనభై రెండో, ఎనభై నాలుగో.
లూల్వా అంటే ముత్యమంట.
ఆయమ్మ నాయన సముద్రంలో మునిగి
ముత్యపు చిప్పలు ఏరేటోడంట.
ఊపిరి బిగబట్టడం ఆ ఇంటి విద్య.
కొడుకు చెప్పుల చప్పుడు వినపడితే చాలు
ఆయమ్మ మునిగిపోయేది,
వాడు తలుపు వేసి పోయేదాకా
పైకి తేలేది కాదు.

పక్క తడుపుతాదని
అసర్ నమాజు దాటినాక
చుక్క నీళ్ళు ఇయ్యొద్దన్నాడు జాసిమ్.
నేను దూదిని తడిపి పెదాలకు అద్దేదాన్ని,
నా దూది, నా నీళ్ళే దొంగిలిస్తున్నట్టు.
ఒక్కో రాత్రి ఆయమ్మ ఆ దూదిని
ఉన్న నాలుగు పండ్లతో కరిచిపట్టుకుని
వదిలేది కాదు.

గాజులు రాకపోతే
గిన్నెల సబ్బు పోసి లాగినాడు.
గాజులతో బాటు కొంచెం తోలు వచ్చింది.
పసుపు పెట్టినా.
దుప్పటికి అంటిన మరక
చన్నీళ్ళలో నానబెట్టి పోగొట్టినా.
ఇంకో దినం బొటనవేలికి నీలిసిరా పూసి
ఏదో కాగితం మీద ఒత్తించుకుని పోయినాడు.
ఆ వేలితో ఖర్జూరం ఎట్ల తింటాదని
నిమ్మచెక్కతో రుద్ది రుద్ది
గోరు సందులో కూడా లేకుండా తీసినా.

"ఆనవాళ్ళు ఏమున్నాయి?"

అయ్యా,
నెలకు నూట ఇరవై దినార్లు
నాకిచ్చేదే ఆనవాళ్ళు తుడవమని గదా.

అకామా చూపించమన్నారు. జాసిమ్ కాడ ఉందన్నా.
నేను చెప్పుల్లేకుండా నడిచొచ్చేలోపు
వాడు ఫోన్లో పని ముగించినాడు:
ఓబులమ్మ, పనిమనిషి, పారిపోయింది.
మిషన్లో నా కేసుకు నంబరు పడింది.
ఆయమ్మ కేసుకు ఇంకా పేరే పెట్టలేదు.

తెచ్చినారు ఆయమ్మను.
చక్రాల కుర్చీ తోసింది వాడే.
దోవలో ఎంత ముద్దు చేసినాడో
మెడకు కొత్త అత్తరు, ఒళ్ళో నీళ్ళ సీసా,
మూత తియ్యనిది.
ఆఫీసరు లేచి నిలబడి, నుదురు ముద్దుపెట్టుకుని,
అమ్మా, ఏం జరిగింది, అన్నాడు.
మంచోడే. అందరి ముందరా అడిగినాడు,
కుర్చీ పిడి మీద కొడుకు చెయ్యి ఉండంగానే.

"తిహ్త్."

దుబాసీ నోరు తెరిచేలోపు నాకు తెలిసిపోయింది.
పడ్డాను.
ఆ మాట నాకు నేర్పిందే ఆయమ్మ,
వంటింట్లో కోడిగుడ్డు జారి పగిలిన పొద్దున
నవ్వుకుంటా.

నేను కోప్పడలేదు.
ఆ సాయంత్రం స్టేషన్ గడప దాటించి
ఆ కుర్చీని ఏ చేతులు తొయ్యాల?
నా చేతులైతే కాదు.

అబద్ధం చెప్పినానని ఉందో, ఏముందో,
చదవలేని కాగితం కింద
నా బొటనవేలు ఒత్తించుకున్నారు.
అదే నీలిసిరా.
ఎంబసీ షెల్టర్లో పప్పుచారుతో బాటు
ఒక నిమ్మచెక్క పెట్టినారు.
పప్పులో పిండుకున్నా.
వేలు అట్లనే ఉంచినా.

కిటికీ అవతల మసీదులో అసర్ బాంగు.
ఆ ఇంట్లో కొత్త మనిషి దిగింటాది ఈ పాటికి,
ఏ దేశందో, ఏ భాషదో.
దూది యాడుందో చెప్పేవాళ్ళు లేరు ఆ బిడ్డకు.
రెండో అర. షుగరు మాత్రల వెనక.
నీళ్ళు తడిపినాక పిండొద్దు.